దడుసుకుని పోయిండు: చేతబడి నుంచి టాకోట్సుబో దాకా

మా ఆదిలాబాద్ వైపు ఊళ్ళల్లో మనిషి ఉన్నట్టుండి చనిపోతే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "దడుసుకుని పోయిండు". రెండోది కాస్త గొంతు తగ్గించి చెప్పేది, "ఎవరో చేసిండ్రు". ఏం చేశారని అడగక్కర్లేదు. చేతబడి, బాణామతి, మంత్రాలు, మీకు తెలిసిన పేరు పెట్టుకోండి. ఇంజనీరింగ్ చదివి ఐటీలో పడ్డ మనలాంటివాళ్ళం ఈ రెండు మాటల్నీ ఒకే బుట్టలో వేసి, పైన "మూఢనమ్మకం" అని చీటీ అంటించేస్తాం. నా ఉద్దేశంలో అవి ఒకే బుట్టలోవి కావు. మొదటిదాంట్లో చాలా నిజం ఉంది. రెండోది పచ్చి అబద్ధం, పైగా ప్రాణాలు తీసే అబద్ధం. ఈ రెండిటినీ విడదీయడానికి వైద్యశాస్త్రానికి దాదాపు డెబ్బై ఏళ్ళు పట్టింది. ఆ చరిత్రే ఈ టపా. కొంచెం పెద్దది, టీ తెచ్చుకుని కూర్చోండి :-)

"ఇదంతా ఎక్కడో అడవుల్లో జరిగే వ్యవహారం, మనకెందుకు" అనుకునేవాళ్ళ కోసం ముందుగా ఒక సంఘటన. 2020 నవంబరులో జగిత్యాల జిల్లాలో, అంటే పాత కరీంనగర్ జిల్లాలో, ఒక మనిషిని సజీవంగా తగలబెట్టారు. ఆయన బెంగళూరులో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పత్రికల్లో వచ్చినదాని ప్రకారం, అత్తగారి తరఫు మనిషి ఒకరు కొద్దిరోజుల ముందు గుండెపోటుతో పోయారు. ఆ చావు ఈయన చేతబడి వల్లేనని బంధువులు అనుమానించారు. మళ్ళీ 2022 జనవరిలో జగిత్యాలలోనే, మంత్రాల అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు.

మొదటి సంఘటనలో నన్ను ఆపేసింది ఏంటంటే, "గుండెపోటు" అన్న మాట అక్కడ అందరికీ తెలుసు. అయినా అది చేతబడికి అడ్డం రాలేదు. ఎందుకంటే "ఎలా పోయాడు" అన్న ప్రశ్న వేరు, "వీడికే, ఇప్పుడే ఎందుకొచ్చింది" అన్న ప్రశ్న వేరు. రెండోదానికి మనం జవాబు చెప్పకుండా వదిలేస్తే ఆ ఖాళీలోకి అనుమానం వచ్చి కూర్చుంటుంది.

సరే, విషయానికొద్దాం. భయంతోనో దుఃఖంతోనో గుండె నిజంగా ఆగుతుందా?

మన భాషని అడిగితే ఎప్పుడో అవునంది. గుండె గుభేలుమంటుంది, జారిపోతుంది, చెరువవుతుంది, పగిలిపోతుంది. మన పత్రికలూ అవునన్నాయి. 2009 సెప్టెంబరు 2న వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయినప్పుడు, ఆ వార్త విని, టీవీలో చూసి గుండె ఆగి చనిపోయినవాళ్ళ జాబితాలు రోజుల తరబడి వచ్చాయి. వందల్లో లెక్క. ఆ కుటుంబాలను పరామర్శించడానికే 2010లో జగన్ ఓదార్పు యాత్ర మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి మన రాజకీయం ఎటు తిరిగిందో మీకు తెలిసిందే.

ఇక్కడ మనం ఇంజనీర్లం కాబట్టి ఒక చిన్న లెక్క వేద్దాం. ఉమ్మడి రాష్ట్రం జనాభా అప్పట్లో సుమారు ఎనిమిదిన్నర కోట్లు. ఏడాదికి వెయ్యికి ఏడుగురు చొప్పున చనిపోతారనుకున్నా, ఏడాదికి దాదాపు ఆరు లక్షలు. రోజుకి పదహారు వందలు. ఏ విషాదమూ లేని మామూలు రోజున కూడా అంతమంది పోతారు. ఆ వారం రాష్ట్రంలో ప్రతి ఇంట్లో టీవీ ఆన్‌లోనే ఉంది. కాబట్టి టీవీ ముందు పోయిన ప్రతి ఒక్కరూ టీవీ చూసి పోయినట్టు కాదు. అలాగని ఒక్కరూ ఆ బాధతో పోలేదనీ చెప్పలేం. జాబితా ఎంత పొడుగున్నా ఈ ప్రశ్న తేలదు. మామూలు రోజుల లెక్క పక్కన పెట్టి పోల్చాలి.

అలా పోల్చిన చోటు ఒకటుంది. 1994 జనవరి 17 తెల్లవారుజామున అమెరికాలో లాస్ ఏంజలస్ పక్కన నార్త్‌రిడ్జ్‌లో భూకంపం వచ్చింది. అంతకు ముందు వారంలో ఆ కౌంటీలో గుండె జబ్బుతో హఠాత్తుగా చనిపోయినవాళ్ళు రోజుకి సగటున 4.6 మంది. భూకంపం రోజున 24 మంది. ఈ లెక్క 1996లో ప్రచురించారు. ఆ పోయినవాళ్ళలో ఎక్కువమందికి అప్పటికే గుండె రక్తనాళాల జబ్బు ఉంది. భయం చేసిందల్లా ఆఖరి తోపు తొయ్యడమే. అంటే హఠాత్తుగా వచ్చే భయం గుండె మీద పనిచేస్తుందన్నది లెక్కకి అందింది. మరి ఏ జబ్బూ లేని గుండె మాటేంటి? అసలు కథ అక్కడుంది.

దాన్ని మొదలుపెట్టినాయన వాల్టర్ కానన్, హార్వర్డ్‌లో ఫిజియాలజీ ప్రొఫెసర్. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం "కలబడు లేదా పారిపో" అని సిద్ధమవుతుందని మనం స్కూల్లో చదువుకున్నామే, ఆ ఆలోచన ఈయనదే. భయం, కోపం, ఆకలి, నొప్పి ఒంట్లో తెచ్చే మార్పుల మీద 1915లో పుస్తకం రాశాడు. అడ్రినలిన్‌ను శుద్ధమైన స్ఫటికాలుగా విడదీసిన ఘనత అంతకుముందే, 1901 ప్రాంతంలో, జపాన్ నుంచి అమెరికా వెళ్ళిన జోకిచి టకామినేకి దక్కింది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు ఈ రసాయనాన్ని రక్తంలోకి వదుల్తాయి, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పెరుగుతుంది, చక్కెర కండరాలకి చేరుతుంది.

1942లో కానన్ "వూడూ చావు" అనే వ్యాసం ప్రచురించాడు. ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా లాంటి చోట్ల మంత్రగాడు శపించాడని తెలిసి, పైకి ఏ జబ్బూ లేకుండానే రోజుల్లో చనిపోయినవాళ్ళ గురించి డాక్టర్లు, మిషనరీలు, యాత్రికులు చెప్పినవన్నీ పోగేశాడు. అందులో క్వీన్స్‌లాండ్ కథ ఒకటి చెప్పాలి. అక్కడ ఒక మంత్రగాడు ఎముక చూపించి శపిస్తే ఒక మనిషి మంచం పట్టాడు. డాక్టరుకి జ్వరం కనబడలేదు, నొప్పీ లేదు, కానీ మనిషి నీరసించిపోతున్నాడు. మిషన్‌వాళ్ళు మంత్రగాణ్ణి గట్టిగా నిలదీస్తే, అతను రోగి మంచం దగ్గరికొచ్చి "అదంతా ఉత్తుత్తిదే, పొరపాటు" అన్నాడు. ఆ సాయంత్రానికే రోగి లేచి పనిలోకెళ్ళాడట. మంత్రం తియ్యలేదు, మందు ఇవ్వలేదు. పోయింది భయం ఒక్కటే.

కానన్ దీన్ని అక్షరాలా నమ్మమని చెప్పలేదు. ఇలాంటి మనిషి ఎదురైతే నాడి చూడండి, రక్తపోటు కొలవండి, రక్తం పరీక్షించండి అని డాక్టర్లని కోరాడు. మంత్రాన్ని పక్కనపెట్టి భయాన్ని కొలవమన్నాడు. ఆయన దగ్గర అప్పుడున్న ఊహ, అడ్రినలిన్ వ్యవస్థ అదే పనిగా పనిచేసి చివరికి రక్తపోటు పడిపోతుందని.

ఆయనలో ఒక లోపం మాత్రం నాకు గుచ్చుకుంటుంది. ఇది "ఆదిమ" జనాలకే వచ్చే చావు అన్నట్టు రాశాడు. అదే 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మా జిల్లా మార్లవాయిలో గోండుల మధ్య ఉండి వాళ్ళ జీవితాన్ని నమోదు చేస్తున్నాడు. కానన్ లెక్కలో ఆ గోండులు ఏ వరుసలో పడతారో ఊహించడం కష్టం కాదు. ఆ వరుస తప్పని తేలడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది.

తర్వాత 1957లో కర్ట్ రిక్టర్ ఎలుకలతో చేసిన ప్రయోగాలు కానన్‌కి ఎదురు తిరిగాయి. నీళ్ళల్లో వదిలిన అడవి ఎలుకలు కొన్ని నిమిషాల్లోనే చనిపోయాయి, అదీ గుండె వేగం పెరిగి కాదు, తగ్గి. తప్పించుకునే దారి లేదని తెలిసినప్పుడు వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేస్తుందని ఆయన వాదన. మధ్యలో ఒకసారి పైకి తీసి మళ్ళీ వదిలిన ఎలుకలు అంత త్వరగా చావలేదు. ఒకరు యాక్సిలరేటర్ అన్నారు, ఇంకొకరు బ్రేక్ అన్నారు. ఎలుకల దగ్గర ఈ వాదన తేలలేదు.

1980లో ఒక విషాదకరమైన ఆధారం వచ్చింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ ప్రాంతంలో శవపరీక్షలు చేసే సెబెలిన్, హిర్ష్ అనే ఇద్దరు డాక్టర్లు ముప్ఫై ఏళ్ళ రికార్డులు తిరగేశారు. ఎవరో దాడి చేస్తే చనిపోయినవాళ్ళు, కానీ ఆ దెబ్బలు చావుకి సరిపడేవి కావు. అలాంటివి 15 కేసులు దొరికాయి. అందులో 11 మంది గుండె కండరంలో ఒకేరకం గాయం కనిపించింది. కండరపు పోగులు విపరీతంగా బిగుసుకుపోయి, ఆ స్థితిలోనే చితికిపోయాయి. అడ్రినలిన్ మోతాదు మించితే గుండెలో కనిపించే గాయం సరిగ్గా ఇదే. ఈ కేసుల్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వీటితో పనుంది.

చచ్చినవాళ్ళ గుండెల్లో ఆధారం దొరికింది సరే, బతికున్న మనిషిలో చూడాలి కదా. అది జపాన్‌లో దొరికింది. 1983లో హిరోషిమాలో ఒక 64 ఏళ్ళ మహిళ ఛాతీనొప్పితో ఆసుపత్రికొచ్చింది. ఈసీజీ చూస్తే గుండెపోటే. కానీ యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి, ఎక్కడా అడ్డు లేదు. ఎడమ జఠరిక మాత్రం వింతగా ఉంది. పైభాగం గట్టిగా ముడుచుకుంటోంది, కిందికొన భాగం కదలకుండా బుడగలా ఉబ్బిపోయింది. సన్నటి మెడ, గుండ్రటి అడుగు. జపాన్ జాలర్లు ఆక్టోపస్‌లను పట్టడానికి సముద్రంలోకి దించే కుండ సరిగ్గా అలాగే ఉంటుంది. టాకో అంటే ఆక్టోపస్, ట్సుబో అంటే కుండ. 1990లో హికారు సాటో బృందం ఆ పేరే పెట్టింది. టాకోట్సుబో. మన దగ్గర దొరికుంటే బహుశా మట్టి కూజా అని పెట్టేవాళ్ళం. ఈ ఉబ్బు చాలామందిలో కొద్ది వారాల్లో తనంతట తనే సర్దుకోవడం ఇంకా ఆశ్చర్యం. మామూలు గుండెపోటులో చచ్చిన కండరం తిరిగి రాదు. ఇక్కడ కండరం చావలేదు, మొద్దుబారిందంతే.

చాలా ఏళ్ళు ఇదేదో జపాన్‌వాళ్ళ జబ్బు అనుకున్నారు. 2004 అక్టోబరు 23న నీగాటా ప్రాంతంలో భూకంపం వచ్చాక ఇలాంటి కేసులు గుంపుగా బయటపడ్డాయి. ఆ మరుసటి ఏడాదే, 2005లో, అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ డాక్టర్ విట్‌స్టీన్ బృందం 19 మంది రోగుల వివరాలు ప్రచురించింది. కానన్ 1942లో కోరిన కొలత ఇక్కడ దొరికింది. వీళ్ళ రక్తంలో అడ్రినలిన్ జాతి రసాయనాలు తీవ్రమైన గుండెపోటు రోగులకంటే కూడా రెండు మూడు రెట్లు ఎక్కువ. మామూలు మనిషితో పోలిస్తే 7 నుంచి 34 రెట్లు. ఇంతకీ వీళ్ళని దడిపించింది ఏ మంత్రగాడు? ఎవరూ లేరు. అయినవాళ్ళు పోయారన్న కబురు, కారు ప్రమాదం, ఇంట్లోవాళ్ళు చెప్పకుండా ఏర్పాటు చేసిన పార్టీ, ఇలాంటివి. "ఆదిమ" జనాల చావు అన్న మాట అక్కడితో చెల్లిపోయింది.

ఇప్పుడు యంత్రం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గుండె కండర కణం పైన బీటా రిసెప్టర్లు అనే తలుపు గంటల్లాంటివి ఉంటాయి. అడ్రినలిన్ వచ్చి గంట కొడితే లోపల జీ-ఎస్ అనే ప్రొటీన్ కబురు అందుకుంటుంది, కణంలోకి కాల్షియం పెరుగుతుంది, కండరం గట్టిగా ముడుచుకుంటుంది. ఇది మామూలు దారి. ఈ రిసెప్టర్ల కుటుంబం మీద పనిచేసినందుకే 2012లో లెఫ్‌కోవిట్జ్, కోబిల్కాలకు నోబెల్ వచ్చింది. కాల్షియం మితిమీరితే కణం బిగుసుకుని దెబ్బతింటుంది. క్లీవ్‌లాండ్ గుండెల్లో కనిపించింది అదే.

మరి కుండ ఆకారం ఎందుకు? లండన్‌లో అలెగ్జాండర్ లయన్ బృందం 2008లో ఒక ఊహ చెప్పి, 2012లో ఎలుకల మీద పరీక్షించింది. గుండె కింది కొనలో బీటా-2 రకం రిసెప్టర్లు ఎక్కువ. అడ్రినలిన్ మోతాదు విపరీతమైతే ఇవి జీ-ఎస్‌ని వదిలేసి జీ-ఐ అనే ఇంకో ప్రొటీన్‌కి కబురు పంపుతాయి. దాని పని వ్యతిరేకం, "ముడుచుకోవద్దు" అని. అందుకే కింది కొన కదలడం మానేస్తుంది, పై భాగం ఒక్కటే కొట్టుకుంటుంది. ప్రయోగంలో ఈ మలుపును అడ్డుకుంటే కుండ ఆకారం రాలేదు గానీ ఎలుకలు ఇంకా ఎక్కువ చనిపోయాయి. అంటే ఇది చెడిపోవడం కాదు, తనని తాను కాపాడుకోవడం కావచ్చు. మన ఇళ్ళల్లో వైర్లలో కరెంటు మితిమీరి పారితే ఎంసీబీ ట్రిప్ అవుతుంది చూడండి, ఆ బాపతు. లోడ్ ఎక్కువైనప్పుడు సర్వర్ రిక్వెస్టుల్ని తిప్పికొట్టి క్రాష్ కాకుండా నిలబడ్డట్టు. దీన్ని ఒప్పుకోకుండా, గుండెలోని అతిసన్నటి రక్తనాళాలు బిగుసుకోవడమే కారణమనేవాళ్ళూ ఉన్నారు. రెండూ కలిసే పనిచేస్తుండొచ్చు. రోగుల్లో ఎక్కువమంది నెలసరి ఆగిన వయసు ఆడవాళ్ళే కాబట్టి ఈస్ట్రోజన్ తగ్గడానికి ఇందులో పాత్ర ఉందని కూడా భావిస్తున్నారు.

2015లో వచ్చిన అంతర్జాతీయ రిజిస్ట్రీ లెక్క 1,750 మంది రోగులది. దాదాపు 90 శాతం మహిళలు, సగటు వయసు 66. మానసిక కారణం కనబడింది 27.7 శాతంలో. శారీరక కారణం, అంటే ఆపరేషన్, ఇన్‌ఫెక్షన్, ఆయాసం లాంటివి, 36 శాతంలో. 28.5 శాతంలో ఏ కారణమూ దొరకలేదు. అంటే "పగిలిన గుండె" అని ముద్దుగా పిలిచే ఈ జబ్బులో గుండె పగిలేంత బాధ అందరికీ లేదు. 2016లో ఇంకో తమాషా లెక్క వచ్చింది. మానసిక కారణం ఉన్న 485 మందిలో 20 మందికి అది సంతోషం. పెళ్ళిళ్ళు, పుట్టినరోజుల్లాంటివి. అడ్రినలిన్‌కి ఏడుపూ నవ్వూ తేడా తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది చదివేసి ఊళ్ళో జరిగే ప్రతి హఠాన్మరణానికీ టాకోట్సుబో అని పేరు పెట్టేయకండి. గుండెపోటు అనుమానంతో ఆసుపత్రికొచ్చేవాళ్ళలో ఇది నూటికి ఒకరో ఇద్దరో. మిగతా చాలామందిది మనకు తెలిసిన మామూలు సరుకే, రక్తనాళాల్లో అడ్డు, బీపీ, షుగర్, బీడీలు. పైగా ఈసీజీ చూసి రెండిటికీ తేడా చెప్పడం కష్టం, యాంజియోగ్రామ్ కావాలి. కాబట్టి ఛాతీనొప్పి అన్న మనిషిని "దడుసుకున్నడు, తాయెత్తు కట్టిద్దాం" అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళడం ఎంత తప్పో, "టెన్షన్ పడ్డావంతే, పడుకో" అనడమూ అంతే తప్పు. టాకోట్సుబో అయినా కూడా ఆసుపత్రిలో చనిపోయేవాళ్ళున్నారు. ముందు ఈసీజీ, తర్వాతే మిగతా చర్చ.

ఇక మొదటి ప్రశ్నకొద్దాం. దడుపుతో గుండె దెబ్బతింటుందని తేలింది కదా, మరి దడిపించినవాడు దోషి కాడా అని మీరడగొచ్చు. ఊళ్ళో చేతబడి కేసుల్లో దోషి అనబడేవాడు ఏం చేశాడు? చాలాసార్లు ఏమీ చేయలేదు. ఒంటరి ముసలమ్మ, పొలం తగాదా ఉన్న పాలివాడు, కాస్త తేడాగా ఉండేవాడు. "వాడు చేసిండు" అన్న పుకారును మోసింది ఊరు. రోగి గుండెలో అడ్రినలిన్ పోసింది నిజంగా ఉంటే, అది ఆ పుకారే. వాళ్ళు జీవితంలో ఒక్క మంత్రం చదవకపోయినా ఆ భయం పనిచేస్తుంది. క్వీన్స్‌లాండ్ రోగిని లేపింది కూడా మాటే. మంత్రగాడి పళ్ళు పీకడం కాదు.

అందుకే హేతువాదులతో నాకో చిన్న పేచీ. "చేతబడి లేదు, నీకేం కాలేదు, అంతా భ్రమ" అంటే భయపడ్డవాడికి అబద్ధంలా వినిపిస్తుంది, ఎందుకంటే వాడి ఛాతీ నిజంగానే బరువెక్కింది. "నీకు అయింది నిజమే, చేసింది మాత్రం మనిషి కాదు, నీ ఒంట్లోని ఫలానా రసాయనం, పద ఆసుపత్రికి" అంటే వింటాడు. 1980ల్లో మెదక్ జిల్లాలో బాణామతి భయం ముదిరినప్పుడు డాక్టర్లు, హేతువాదులు ఊళ్ళు తిరిగి జనంతో మాట్లాడారు. మనిషి ఎదురుగా కూర్చుని చేసే ఆ పనికి ప్రత్యామ్నాయం లేదు. చట్టాలూ కావాలి. పెన్‌గంగ అవతల మహారాష్ట్ర 2013లో, నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత, చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో చేసింది. కానీ పోలీసులొచ్చేసరికి సాధారణంగా జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

చివరిగా ఆ క్లీవ్‌లాండ్ కేసులు. దెబ్బలు చావుకి సరిపోవు, కానీ మనిషి చనిపోయాడు, గుండె కండరం చితికిపోయింది. ఇప్పుడు మన ఊళ్ళో చెట్టుకి కట్టేసిన మనిషిని ఊహించుకోండి. చుట్టూ జనం, తెలిసిన మొహాలే, ఎవరి చేతిలో ఏముందో తెలియదు, పారిపోయే దారి లేదు. కానన్ చెప్పిన భయం, రిక్టర్ చెప్పిన దారి లేకపోవడం, రెండూ అక్కడే ఉన్నాయి. తర్వాత "మేం పెద్దగా కొట్టలేదు, తనే పోయిండు" అంటారు. శాస్త్రం ఇప్పుడు దానికి జవాబు చెప్పగలదు: మీరు కొట్టింది కొంచెమే కావచ్చు, చంపింది మాత్రం మీరే.

చేతబడి కథల్లో దడుసుకుని పోయిన మనిషి నిజంగా ఉన్నాడు. మనం వెతికింది మంచం మీద. అతను ఎక్కువగా ఉన్నది చెట్టు దగ్గర. ఈసారి మీ ఊరి నుంచి ఫోన్‌లో "ఎవరో చేసిండ్రట" అన్న మాట వినబడితే నవ్వి ఊరుకోకండి. ఎవరి పేరు చెబుతున్నారో కనుక్కోండి. ప్రమాదంలో ఉన్నది ఆ మనిషి.